తాతగారి పేరు పెట్టాం, మరి ఏమని పిలవాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

వెంకటేశ్వరరావు, సుబ్రహ్మణ్యం, సత్యనారాయణ, లక్ష్మీనరసింహం. ఇలాంటి పేరొకటి పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేశాక ఇంట్లో అసలు చర్చ మొదలవుతుంది. కింది ప్రశ్నలు ఎక్కువగా ఈ నాలుగు పేర్ల చుట్టూ తిరుగుతాయి. మిగతా పాత పేర్లకీ లెక్క ఇంచుమించు ఇదే.

పిలుపు పేరు ముందే అనుకోవాలా? అదే వస్తుంది కదా?

వస్తుంది. ఎవరు తెస్తారన్నదే తేడా. వెంకటేశ్వరరావు అంటే ఏడక్షరాలు. పాలసీసా పట్టుకుని ఏడక్షరాలు పలికే ఓపిక ఎవరికీ ఉండదు. బారసాలయిన వారానికే అమ్మమ్మ "పండు" అంటుంది, బాబాయి "చింటూ" అంటాడు, పక్కింటావిడ "బుజ్జిగాడు" అంటుంది. బిడ్డ తొమ్మిది నెలలకల్లా తన పేరు వినపడితే తల తిప్పి చూస్తాడు. మూడు పేర్లతో పిలుస్తుంటే ఎక్కువసేపు ఎత్తుకునేవాళ్ళ పేరే గెలుస్తుంది. మీకు నచ్చిన పేరు గెలవాలంటే 21వ రోజుకే అనుకోండి, ఆరు నెలలు దాటనివ్వకండి. ఇంట్లో తేల్చకపోతే బడిలో తేలుస్తారు. అక్కడ పిల్లలకి కనిపించేది వాడి బుగ్గలో, నడకో, ఇంటిపేరో.

తెలుగులో పేరు ఎలా కుదించుకుంటుంది? ఏదైనా పద్ధతి ఉందా?

ఉంది. పేరు మొదట్లో బరువుగా పలికే ముక్క పట్టుకుంటాం, దాని వెనక వచ్చే సంయుక్తాక్షరాన్ని మెత్తబరిచి ద్విత్వం చేస్తాం, చివర ఇకారమో ఉకారమో తగిలిస్తాం. సుబ్రహ్మణ్యంలో "సుబ్ర" సుబ్బు అయింది. సత్య సత్తి, కృష్ణ కిట్టు, విశ్వనాథం విస్సు, పద్మనాభం పద్దు అలాగే వచ్చాయి. ముందు సున్న ఉంటే ద్విత్వం అక్కర్లేదు: వెంకట వెంకి, ఆంజనేయులు అంజి.

చివర అచ్చు ఎందుకంటే, మన పిలుపంతా ఆ చివరి అచ్చు సాగదీయడంలోనే ఉంది. "సుబ్బూ...!" అని వీధి చివరిదాకా లాగొచ్చు. "వెంకట్" అని పిలిస్తే ట్ దగ్గర గొంతు ఆగిపోతుంది. అందుకే కాగితం మీద వెంకట్ అని ఉన్నవాణ్ణి కూడా డాబా మీంచి పిలిచేటప్పుడు "వెంకటూ" అంటాం. హల్లుతో ఆగే పేరు పెట్టుకోకూడదని కాదు. పెట్టుకుంటే జనం దానికి ఒక ఉకారం తగిలిస్తారని తెలిసే పెట్టుకోండి.

మొదటి ముక్క తీసుకోవాలా, చివరి ముక్కా?

రెండూ మన అలవాటే. శ్రీనివాసులో ముందు పట్టుకుంటే శీను, వెనక పట్టుకుంటే వాసు. చంద్రశేఖర్‌లో చందు, శేఖర్. మొదటి ముక్క చనువుగా ఉంటుంది, చివరి ముక్క కొంచెం పెద్దరికంగా ఉంటుంది. కానీ "వెంకట", "సాయి", "లక్ష్మీ", "సత్య" లాంటివి ఇలవేల్పు కోసమో మొక్కు కోసమో ముందు చేర్చినవైతే, అవి ఆ ఇంట్లో అన్నదమ్ములందరికీ ఉంటాయి. అప్పుడు మొదటి ముక్కతో పిలుపు పేరు పెడితే ఒక్క పిలుపుకి ముగ్గురు పలుకుతారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ పూర్తి పేరు వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్, పి.వి. సింధు పేరు పూసర్ల వెంకట సింధు. ఇద్దరి పేరులోనూ వెంకన్న ఉన్నాడు, ఇద్దర్నీ లోకం పిలిచేది చివరి ముక్కతోనే.

వెంకటేశ్వరరావుకి ఏవి బాగుంటాయి?

వెంకి: ఇప్పుడు ఎక్కువగా వినపడేది. రెండక్షరాలు, పిల్లల నోటికి తేలిక, పెద్దయ్యాక కూడా నప్పుతుంది. ఒక చిక్కుంది. పాతకాలంలో ఎంకి అంటే ఆడపిల్ల పేరు, వెంకమ్మకి ముద్దుపేరు. "ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది" అన్న సామెత ఏ తాతయ్యో ఒకసారి అననే అంటారు. ఇంట్లో సుబ్బు కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

వెంకన్న: నిండుగా ఉంటుంది, దేవుడి పేరు దేవుడి పేరులాగే పలుకుతుంది. కానీ చివర "అన్న" ఉంది కాబట్టి అక్క నోట్లో తమ్ముడు అన్నయ్యిపోతాడు. ఇంట్లో మొదటి బిడ్డకైతే ఈ ఇబ్బంది లేదు.

వెంకట్: ఆఫీసు పేరు. ఇంట్లో నిలవదు, కాలేజీలో దానంతటదే వస్తుంది. ముందే ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

ఈశ్వర్: తాతగారిని ఊరంతా వెంకటేశ్వరరావుగారు అనే పిలిచి ఉంటే, మనవడికి ఇది మంచి దారి. పేరు అదే, చెవికి మాత్రం తాతగారు తగలరు.

తెలంగాణలో వెంకటి, వెంకులు కూడా వింటాం. పల్లెలో ఇవి సహజంగా ఉంటాయి. ఊరితో రాకపోకలు లేని పిల్లాడికి పట్నంలో పెడితే వాడు ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవాలి.

సుబ్రహ్మణ్యానికి సుబ్బు తప్ప వేరే దారి లేదా?

మణి ఉంది. బాలసుబ్రహ్మణ్యమైతే బాలు ఉంది. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని లోకమంతా బాలు అనే పిలిచింది, డెబ్బై దాటినా ఆ పేరు ఆయనకి చిన్నదైపోలేదు. మంచి పిలుపు పేరుకి అదే పరీక్ష.

మా ఓటు అయినా సుబ్బుకే. ప, బ, మ పిల్లలు ముందుగా పలికే అక్షరాలు, కాబట్టి రెండేళ్ళవాడు తన పేరు తానే చెప్పుకోగలడు. మణి ఆడపిల్లలకీ మగపిల్లలకీ చెల్లుతుంది. పైగా అందులో ణకారం ఉంది, మూడేళ్ళదాకా "మని" అనే అంటాడు. ముద్దుగానే ఉంటుంది లెండి. సుబ్బు కూడా సుబ్బలక్ష్ములకి ఉన్నదే. "సుబ్బి" మాత్రం వద్దు, పైన సామెత చూశారుగా.

సత్యనారాయణ?

సత్తి, సత్యం, సత్తిబాబు, నారాయణ. గోదావరి జిల్లాల్లో అన్నవరం వ్రతం మొక్కుతో పుట్టిన పిల్లవాడంటే చాలా ఇళ్ళల్లో సత్తిబాబే. సూర్యనారాయణ సూరిబాబైనట్టే ఇదీను. ఆ ప్రాంతంలో "బాబు" గౌరవాన్నీ ముద్దునీ ఒకేసారి మోస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంట్లో సత్తిబాబు అంటే పిల్లలు సినిమా పాత్రనుకుని నవ్వొచ్చు. అలాంటిచోట "సత్య" అని పిలిచేవాళ్ళున్నారు. దానితో వచ్చేది వేరే చిక్కు: క్లాసులో సత్య అనే అమ్మాయి కూడా ఉంటుంది. "సత్తి" ఒక్కటే విడిగా పిలిస్తే బయటివాళ్ళ నోట వెక్కిరింపులా వినపడుతుంది. ఇంటి గడప లోపలైతే ఫరవాలేదు.

నరసింహానికి పిలుపు పేరు కావాలి. మా ఊరు సింహాచలం దగ్గర.

అయితే అప్పన్న ఉండగా వెతుకులాటెందుకు? ఈ దేవుడి విషయంలో తెలుగునేల చాలా ఉదారంగా ఉంది. సింహాచలంలో ఆయన అప్పన్న, అందుకే ఉత్తరాంధ్రలో అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు, సిమ్మాద్రులు. యాదగిరిగుట్ట చుట్టుపక్కల యాదగిరి, యాదయ్య, పిలుపులో యాది. అహోబిలం నుంచి రాయలసీమకి ఓబులేసు, ఓబయ్య. పెంచలకోన నుంచి నెల్లూరుకి పెంచలయ్య. దేవుడొకడే, పేరు వింటే మనిషిది ఏ వైపో తెలిసిపోతుంది. తెలంగాణలో నర్సింలు, నర్సయ్య కూడా మామూలే.

నరసింహంలోంచే తీయాలంటే "నర్సి" కంటే "సింహ" ఇప్పటి పిల్లలకి బాగా నచ్చుతోంది. వాడికి నాలుగేళ్ళొచ్చేసరికి సింహంలా గర్జించమని ప్రతి చుట్టమూ అడుగుతాడు, ఆ ఒక్కటి ఓర్చుకోవాలి.

అత్తగారు మావగారి పేరు పలకరు. బిడ్డకి ఆయన పేరే పెట్టాం. ఇప్పుడెలా?

పిలుపు పేర్లలో సగం పుట్టిందే ఈ ఇబ్బందిలోంచి. భర్త పేరు ఆవిడ పలకరు, మావగారి పేరు కోడలు పలకదు. పలకడం ఒక ఎత్తు, తిట్టడం ఇంకో ఎత్తు. పొయ్యి మీద తిరగమోత చిటపటలాడుతుంటే పిల్లాడు స్టవ్ వైపు పాకుతూ వస్తాడు. "ఒరేయ్ సుబ్రహ్మణ్యం, వీపు పగులుద్ది" అని అరవాలి. హాల్లో గోడమీద దండ వేసిన ఫోటోలో ఆ సుబ్రహ్మణ్యంగారే ఉన్నారు. నోరు రాదు.

అందుకని ఇలాంటి ఇంట్లో పిలుపు పేరు అసలు పేరుకి ఎంత దగ్గరగా ఉండాలో ముందు అత్తగారినే అడగండి. కొందరికి సుబ్బు ఫరవాలేదు, ఎందుకంటే తాతగారిని ఎవరూ సుబ్బు అని పిలిచి ఉండరు. కొందరికి ఆ ఛాయ కూడా వద్దు. అలాంటప్పుడు పేరుతో సంబంధం లేని నాని, పండు, చంటి, అబ్బులు లాంటివి పెట్టుకుంటారు. మూడో దారి కోస్తా వాళ్ళది: తాతబ్బాయి, తాతాజీ, తాతారావు. పేరు పలక్కుండానే తాతగారి పేరువాడని చెప్పేశారు. ఇవి పిలుపుగా మొదలై రేషన్ కార్డుకెక్కినవి కూడా ఉన్నాయి.

తాతగారు బతికుండగానే ఆయన పేరు పెట్టడం కొన్ని ఇళ్ళల్లో ఉంది, కొన్నిళ్ళల్లో లేదు. పెడితే మాత్రం పిలుపు పేరు తప్పనిసరి. లేకపోతే ఒక పిలుపుకి ఇద్దరూ లేచొస్తారు.

అన్నదమ్ములిద్దరూ కొడుకులకి నాన్నగారి పేరే పెట్టారు. ఎలా విడదీయాలి?

"పెద్ద వెంకి, చిన్న వెంకి" అనడం తేలిక. కానీ వయసు తేడా నెలల్లో ఉంటే చిన్నవాడు జీవితాంతం చిన్న వెంకిగానే ఉండిపోయానని గునుస్తాడు. పేరును పంచుకోండి: ఒకరికి వెంకి, ఇంకొకరికి ఈశ్వర్. రెండో పిల్లాడి బారసాలకి ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. తర్వాతైతే ఎవరి పిల్లాడి పేరు ఎవరు తీసుకున్నారన్న పంచాయితీ.

వెంకడు, సుబ్బడు, వెంకిగాడు అనొచ్చా?

ఇంట్లో పెద్దవాళ్ళు అంటే ముద్దు. బయటివాళ్ళు అంటే తక్కువ చేయడం. "గాడు" స్నేహితుల మధ్య చెల్లుతుంది, కానీ పనివాళ్ళ ముందో, కొత్తవాళ్ళ ముందో మీరే "మా వెంకిగాడు" అంటే వాళ్ళూ అదే పట్టుకుంటారు. పిల్లాడి ముందు మీరు వాడే రూపమే ఊరు వాడుతుంది.

నాని, చింటూ, బన్నీ, పండు లాంటివి అసలు పేరుకి అతకవు కదా?

అతకక్కర్లేదు. నటుడు నాని అసలు పేరు ఘంటా నవీన్ బాబు. ముద్దుపేరే తెరపేరైంది, ఏ నష్టమూ జరగలేదు. అయితే రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, ఇవి మహా ఎక్కువ. ఏ అపార్టుమెంటు పార్కులోనైనా సాయంత్రం "నానీ" అని పిలిస్తే నలుగురు పిల్లలు, ఇద్దరు తండ్రులు వెనక్కి చూస్తారు. రెండోది, ఇరుగుపొరుగు భాష. హిందీవాళ్ళకి నాని అంటే అమ్మమ్మ. పప్పు అంటే మనకి ముద్దపప్పు, వాళ్ళకి అమాయకుడు. హైదరాబాద్‌లోనో, బయటి రాష్ట్రాల్లోనో పెరిగే పిల్లాడికి ఇది బడి మొదటివారంలోనే ఎదురవుతుంది.

రెండు పేర్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాం. ఏం చేయాలి?

కాగితం మీద చూసి తేల్చకండి. నోటితో తేల్చండి. ఒక్కో పేరును వారం రోజులు, ఇంట్లో అందరూ, ఆ ఒక్కదానితోనే పిలవాలి. ఆ వారంలో ఇవి జరగాలి:

ఇంకో గదిలోంచి గట్టిగా పిలవండి. మొదటి అక్షరం మింగుడుపడిపోయినా మిగతాది వినపడాలి.
కోపంగా పిలవండి. "ఒరేయ్" ముందు పెట్టి చూడండి. నవ్వొస్తే ఆ పేరుతో క్రమశిక్షణ కష్టం.
ముందు ఇంటిపేరు పెట్టి చదవండి. "పప్పు" ఇంటిపేరువాళ్ళకి "నాని" వద్దు, పప్పు నానబెట్టినట్టు వినపడుతుంది.
వెనక వరస తగిలించండి: సుబ్బు బాబాయ్, సుబ్బు మావయ్య, సుబ్బు అన్నయ్య. "బుజ్జి మావయ్య" అతుకుతుంది, "చిట్టి తాతయ్య" కూడా అతుకుతుంది. "బేబీ బాబాయ్" అతకదు. చాలామంది మర్చిపోయేది ఈ పరీక్షే. ఈ పేరు మీ కొడుకుది మాత్రమే కాదు, రేపు వాడి మేనల్లుడు పిలిచే పిలుపు.
ఇంట్లో ఉన్న మిగతా పేర్లతో కలిపి పలకండి. అన్న చందు, తమ్ముడు నందు అయితే వినడానికి జోడీ బాగుంటుంది. అవతలి గదిలోంచి పిలిస్తే ఎవరిని పిలిచారో ఇద్దరికీ తెలీదు. మొదటి హల్లు ఒక్కటే మారితే చాలదు, అచ్చులు కూడా తేడాగా ఉండాలి.

రెండు వారాలు తిరిగేసరికి ఇంట్లో ఎవరో ఒకరు తడబడకుండా అంటున్న పేరు ఒకటి మిగులుతుంది. సాధారణంగా అది రెండక్షరాలదే.

పిలుపు పేరుకి నక్షత్రం అక్షరం చూడాలా?

పాదాన్ని బట్టి వచ్చే అక్షరం నక్షత్ర నామానికి. నామకరణంలో నక్షత్ర నామం వేరు, వ్యవహార నామం వేరు. మృగశిర మొదటి పాదానికి "వే", శతభిషం నాలుగో పాదానికి "సూ" వచ్చాయి కాబట్టి వెంకటేశ్వరరావో సుబ్రహ్మణ్యమో అసలు పేరుగానే కుదిరితే సంతోషం. హస్త మూడో పాదానికి "ణ", ఆర్ద్ర మూడో పాదానికి "ఙ" వస్తాయి. వాటితో పేరు ఎవరూ పెట్టలేరు, దగ్గరి అక్షరమో వేరే పాదమో చూస్తారు. అసలు పేరుకే ఇంత సర్దుబాటు ఉన్నప్పుడు ముద్దుపేరుని పంచాంగానికి కట్టేయక్కర్లేదు. నక్షత్రం అక్షరంతో తాతగారి పేరు కలవకపోతే, ఆ అక్షరంతో పిలుపు పేరు పెట్టుకుని ఇద్దరినీ తృప్తిపరిచే ఇళ్ళూ ఉన్నాయి. ఆలోచన మంచిదే.

కాగితాల్లో ఏ పేరు ఉండాలి?

అసలు పేరు, ఒకే స్పెల్లింగుతో, అన్నిచోట్లా. ముద్దుపేరు ఎక్కడా వద్దు. పొరపాటు మొదలయ్యేది టీకాల కార్డు దగ్గర: నర్సు పేరడిగితే తొందరలో "చింటూ" అంటారు, ప్లేస్కూల్ అదే చూసి రాసుకుంటుంది.

జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ వరకూ ఆలస్య రుసుముతో. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడి, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు జాబితా, పెళ్ళి నమోదు అన్నిటికీ జనన ధ్రువపత్రమే మూలం. అక్కడ తప్పు పడితే అన్నిటా అదే నడుస్తుంది. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో రెండే అవకాశాలు.

ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర ఆగి ఆలోచించండి. సుబ్రహ్మణ్యం అని నిండుగా రాస్తే 12 అక్షరాలు, మధ్యలో హెచ్ తీసేస్తే 11. ఆ ఒక్క హెచ్ ధ్రువపత్రంలో ఉండి పదో తరగతి మెమోలో లేకపోతే పాస్‌పోర్టు రోజున తెలుస్తుంది. వెంకటేశ్వరరావులో "రావు" కలిపి రాయాలా, విడిగా రాయాలా అన్నదీ అంతే. ఏదైనా సరే, ఒకటి తేల్చి చిన్న చీటీ మీద రాసి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టండి. ఎవరు ఏ ఫారం నింపినా ఆ చీటీ చూసే నింపాలి.

అమెరికాలో ఉంటున్నాం. "వెంకట" ముందున్న పేరుతో ఇబ్బందా?

కాస్త. అక్కడి ఫారాలు మొదటి మాటనే మొదటి పేరుగా తీసుకుంటాయి. వెంకట సాయి కృష్ణని ఇంట్లో కృష్ణ అంటారు, డాక్టరు దగ్గర వెంకట అని పిలిస్తే పిల్లాడు కదలడు. బడి ఫారంలో పిలిచే పేరు రాసే గడి విడిగా ఉంటుంది, అది ఖాళీగా వదలకండి. అసలు పేరు ఇంకా రాయించకపోతే, పిలిచే ముక్కనే ముందు పెట్టి "కృష్ణ వెంకట సాయి" అని రాయించవచ్చు. ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి మాత్రం నింపండి. అది ఖాళీగా ఉంటే వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని మూడక్షరాలు పడతాయి. అంటే మొదటి పేరు తెలియదని. బ్యాంకులో, లైసెన్సులో అదే వాడి పేరయి కూర్చుంటుంది.

అమెరికన్ల నోటికి వెంకి, సుబ్బు, మణి, బాలు తేలిగ్గా తిరుగుతాయి. కృష్ణలోని ష్ణ, విశ్వలోని శ్వ నలుగుతాయి, అయినా పలుకుతారు.

బడిలో టీచరుకి పిలుపు పేరు చెప్పాలా?

నర్సరీలో చెప్పండి, లేకపోతే హాజరు పలకడు. అదే సమయంలో ఇంట్లో రోజుకోసారి అసలు పేరు చెప్పించండి: "నీ పేరేంటి?" అంటే "సుబ్బు", "మొత్తం పేరు?" అంటే "వెంకట సుబ్రహ్మణ్యం". ఒకటో తరగతికి వచ్చేసరికి అసలు పేరుకి పలకాలి. లేకపోతే ఇంట్లో పేరు బడిలో అందరికీ తెలిసిపోయిందని మూడో తరగతిలో వాడే గొడవ చేస్తాడు.

వాడికి పన్నెండేళ్ళు. "నన్ను పండు అని పిలవొద్దు" అంటున్నాడు.

మానేయండి. వాడు కొత్త పేరు చెబితే అది, చెప్పకపోతే అసలు పేరులో ఒక ముక్క. మార్చడానికి వేసవి సెలవులు మంచివి: బడి తెరిచేసరికి ఇంట్లో రెండు నెలల అలవాటు పడి ఉంటుంది. ముందు అమ్మానాన్నలు, తర్వాత తోబుట్టువులు, ఆఖర్న వాట్సాప్ గ్రూపులో చుట్టాలు. అమ్మమ్మని మాత్రం వదిలేయమని వాడికే చెప్పండి. ఆవిడకి వాడు పండే.

శుభలేఖలో పిలుపు పేరు వేయొచ్చా?

వేయొచ్చు. "చి. వెంకట సుబ్రహ్మణ్యం" అని వేసి, పక్కనే బ్రాకెట్లో సుబ్బు అని వేస్తారు. వేయకపోతే ఊళ్ళో సగంమంది కార్డు తిప్పి తిప్పి చూసి, ఈ పెళ్ళి ఎవరిదని ఫోన్ చేస్తారు.